నంబరు మాత్రం బొద్దుగా వద్దు

ఎడిటర్ గారికి నమస్తే,

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాసింది చదివాను. ఈ మధ్య వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో, ఫ్లెక్సీల మీద ఎక్కడ చూసినా తెలుగు అక్షరాలు నూనెలో వేసిన బూరెల్లా ఉబ్బి కనపడుతున్నాయనీ, పిల్లల బిస్కెట్ ప్యాకెట్ మీద ఉండాల్సిన రాత బంగారం షాపు యాడ్‌లోకి కూడా వచ్చిందనీ, కంప్యూటర్ వాళ్లంతా కలిసి తెలుగు లిపి పరువు తీస్తున్నారనీ ఆయన బాధ. ఆ కంప్యూటర్ వాళ్లలో నేనొకడిని. నల్గొండలో చిన్న షాపు. ఒకప్పుడు పెళ్లి కార్డులు, బిల్ బుక్కులు చేసేవాళ్లం, ఇప్పుడు సగానికి పైగా ఫోన్లో చూసే పోస్టర్లే, వాటిని ఫేస్‌బుక్‌లో పెట్టి డబ్బు కట్టి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లకు కనపడేలా బూస్ట్ చేసి ఇవ్వడం కూడా మేమే. ఆయన మాటతో సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. ఒప్పుకోని సగం ముందు చెప్తాను.

గుండ్రటి అక్షరం మనకు కొత్తా? తాటాకు మీద గంటంతో నిలువుగా అడ్డంగా గీస్తే ఆకు చీలిపోతుందని మన రాత గుండ్రంగా తిరిగిందని బడిలో తెలుగు సార్ చెప్పేవాడు. అది ఎంతవరకు నిజమో పండితులు తేల్చుకుంటారు గానీ, తెలుగు అక్షరాన్ని చూసి గుండ్రంగా ఉందని కోపం తెచ్చుకుంటే మిరపకాయను చూసి కారంగా ఉందని అలిగినట్టే. ఇక లావు సంగతి. నేను పని నేర్చుకున్నది కంప్యూటర్ ముందు కాదు, వేసవి సెలవుల్లో బోర్డులు రాసే పెయింటర్ దగ్గర. ఎరువుల దుకాణాలకు, సినిమా హాళ్లకు, ఎలక్షన్లప్పుడు గోడలకు ఆయనే రాసేవాడు. ఆయన రాసే అక్షరాలు ఎంత బొద్దుగా ఉండేవంటే 'బ' కడుపులో పిల్లి పడుకోవచ్చు. పక్కన నీడ వేసి, మీద తెల్ల మెరుపు గీత ఒకటి పెట్టి దించేవాడు. అప్పుడు ఎవరూ తెలుగు పరువు పోయిందని ఉత్తరం రాయలేదు, బస్సు కిటికీలోంచి కూడా చదివేవాళ్లు.

ఇప్పుడు మా షాపులో ఎక్కువగా వాడే బొద్దు ఫాంట్ పేరు బాలూ తమ్ముడు. నేను పెట్టిన ముద్దుపేరు కాదు, దాని అసలు పేరే అది. ముంబైలో ఏక్ టైప్ అనే అక్షరాలు గీసే సంస్థ వాళ్లు తయారు చేశారు. మన దేశంలోని చాలా లిపులకు ఒకే పోలికతో గీసి, ఒక్కో భాషలో ఒక్కో చుట్టరికం పేరు పెట్టారు. గుజరాతీకి భాయ్, బెంగాలీకి దా, మలయాళానికి చేట్టన్, తమిళానికి తంబి, కన్నడకు తమ్మ, మనకు తమ్ముడు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది, వ్యాపారానికి వాడుకున్నా ఎవరూ అడగరు. మొదట ఒకే మందంతో వచ్చింది, తర్వాత తమ్ముడు 2 అని ఐదు మందాల్లో ఇచ్చారు. ఐదున్నాయన్న సంగతి మా కస్టమర్లకు పట్టదు, వాళ్లకు కావలసింది చివరిదే, అన్నిటికన్నా లావుది. 'అన్నా, ఆ బుడగ అక్షరాలు కొట్టు' అంటారు. నేను వేరేది చూపిస్తే 'ఇది పేపర్ లెక్క ఉంది' అంటారు. ఏమనుకోకండి ఎడిటర్ గారూ, అది వాళ్ల మాట.

వాళ్లకు అదెందుకు నచ్చుతుందో నాకు తెలుసు. టిఫిన్ సెంటర్ పెట్టిన కుర్రాడు కస్టమర్‌ను దగ్గరకు రమ్మని పిలవాలి, భయపెట్టకూడదు. మూలలు లేని అక్షరం నవ్వుతూ పలకరించినట్టు ఉంటుంది. ఇంకో కారణం మా పనికి సంబంధించింది. మన పోస్టర్లలో తెలుగు ఒక్కటే ఎక్కడుంటుంది, ఆఫర్ అనీ ఫ్రీ అనీ షాపు పేరనీ ఇంగ్లీషు అక్షరాలు పక్కనే వచ్చి కూర్చుంటాయి. పాత ఫాంట్లలో తెలుగు ఒక తీరు, ఇంగ్లీషు ఒక తీరు, అరువు తెచ్చుకున్న చొక్కాలా ఉండేది. ఈ తమ్ముడిలో రెండూ ఒకే చేతితో గీసినట్టు కలిసిపోతాయి. అదీగాక చాలా షాపుల్లో ఇప్పటికీ పని జరిగేది అను అనే పాత పద్ధతి ఫాంట్లలో. అచ్చుకు అవి బంగారం, నేనేం తక్కువ చేయను, కానీ ఆ మ్యాటర్ కాపీ చేసి ఫేస్‌బుక్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన చెత్త వస్తుంది. ఆన్‌లైన్ పని అంటే ఎక్కడ కాపీ చేసి పెట్టినా తెలుగు తెలుగుగానే ఉండే యూనికోడ్ ఫాంటే కావాలి. అందులో మర్యాదగల అక్షరాలు బాగానే ఉన్నాయి, సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ వాళ్లు పెద్దన, తిమ్మన, ధూర్జటి అని రాయలవారి కొలువునే దించారు, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీద కూడా ఒకటుంది. సరదాగా నవ్వే బొద్దు అక్షరాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఉన్న ఒక్క తమ్ముడి మీదే ఊరంతా పడితే తప్పు తమ్ముడిదా?

లావు అక్షరాన్ని వెక్కిరించడం కూడా ఇక్కడ మొదలైంది కాదు. షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు నల్గొండ నుంచి నీలగిరి పత్రిక తెచ్చింది 1922లో. అమెరికాలో ఓస్వాల్డ్ కూపర్ గీసిన కూపర్ బ్లాక్ అనే బొద్దు అక్షరం కూడా సరిగ్గా ఆ ఏడాదే బయటికొచ్చింది. దూరం చూడగల ప్రింటర్ల కోసం, దూరం చూపు ఆనని కస్టమర్ల కోసం అని దాని మీద అప్పట్లోనే చమత్కారం ఉండేదట. నూరేళ్లు దాటినా అది చావలేదు, ఈజీజెట్ అనే బ్రిటన్ కంపెనీ విమానాల మీద ఇవాళ్టికీ ఆ అక్షరమే.

ఇక ఒప్పుకునే సగం. ఇక్కడ నా తప్పులు చెప్పుకోవాలి.

ఒక బిర్యానీ సెంటర్ ఓపెనింగ్‌కు పోస్టర్ చేశాను. ఓనర్ పక్కనే కూర్చుని పేరు, ఆఫర్, అడ్రస్, ఫోన్ నంబరు అన్నీ అదే లావు ఫాంట్‌లో కొట్టమన్నాడు. కొట్టాను. నా కంప్యూటర్ మీద పెద్దగా అద్భుతంగా ఉంది. నంబరులో మూడు 3లు ఉన్నాయి. లావు గుండ్రటి ఫాంట్‌లో 3 నోరు దాదాపు మూసుకుపోతుంది, చూడండి కావాలంటే. ఆ పోస్టర్‌ను ఒకరు స్టేటస్ పెట్టారు, దాన్ని ఇంకొకరు స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో వేశారు, అది చూసి మరొకరు మళ్లీ స్క్రీన్‌షాట్. ఎక్కించిన ప్రతిసారీ వాట్సాప్ బొమ్మను కొంచెం నలుపుతుంది. నాలుగు చేతులు మారేసరికి అందులో ఒక 3 కాస్తా 8 అయి కూర్చుంది. ఆదివారం మధ్యాహ్నం ఓనర్ ఫోన్ మోగలేదు. దేవరకొండ వైపు ఒక రైతు ఫోన్ మోగింది. సంగతి తెలిసి నేనే ఆయనకు ఫోన్ చేసి సారీ చెప్పాను. 'నేను బత్తాయి తోటకు నీళ్లు పెడుతున్న సార్, పొద్దటి నుంచి ముప్పై మంది అడిగిన్రు లెగ్ పీస్ ఉన్నదా అని. లేదు లేదు అని నోరు నొచ్చి ఆఖరికి ఒకనికి ఉన్నదని చెప్పిన, రెండు ఫుల్లు పార్సిల్ అన్నడు, ఇప్పుడేం జేయాలె' అన్నాడు. ఆయన మంచివాడు కాబట్టి నవ్వాడు. బిర్యానీ ఓనర్ నవ్వలేదు, నాకు రావలసిన డబ్బుల్లో సగమే ఇచ్చాడు, నేనూ అడగలేదు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేసుకున్నాను. ఇన్‌స్టా పోస్టర్ 1080 పిక్సెళ్ల వెడల్పు, పిక్సెల్ అంటే తెర మీద ఒక చుక్క. ఫోన్ స్క్రీన్ వెడల్పు సుమారు ఏడు సెంటీమీటర్లు. అంటే నా కంప్యూటర్ మీద 30 పిక్సెళ్ల ఎత్తుతో బ్రహ్మాండంగా కనిపించే లైను ఫోన్లో రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఇంగ్లీషు అక్షరానికి ఆ రెండు మిల్లీమీటర్లు ఎలాగో సరిపోతాయి. మనది మూడంతస్తుల మేడ. పైన తలకట్టో గుడో, నడుమ అక్షరం, కింద ఒత్తు. 'స్త్రీ' అనే ఒక్క మాట తీసుకోండి, స ఉంది, దాని కింద త ఒత్తు, మళ్లీ ర ఒత్తు, పైన గుడిదీర్ఘం, ఇంతమంది ఆ రెండు మిల్లీమీటర్లలో కాపురం చేయాలి. దానికి తోడు అక్షరాన్ని లావు చేస్తే లావు ఎటు పెరుగుతుంది, లోపలికే. లోపలి తెలుపు పోతుంది. ద, ధ, థ మధ్య తేడా అంతా ఒక చుక్క, ఒక చిన్న గీత, అవి పూడిపోతే మూడూ ఒక్కటే. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక చిన్న మెలిక, అది పూడితే 'విధి' ఏదో 'వీధి' ఏదో సందర్భం చూసి ఊహించుకోవాలి. ఇంగ్లీషు పోస్టర్ అలవాటుతో లైనుకూ లైనుకూ మధ్య సందు బిగిస్తే పై లైను ఒత్తు వచ్చి కింది లైను గుడి నెత్తిన కూర్చుంటుంది, ఇది మా వాళ్లు రోజూ చేసే పని, నేనూ చేశాను. ఇక ఫోటోషాప్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టకపోతే ఒత్తులు అసలు ఒత్తులే కావు, 'క్ర' కాస్తా పొల్లు క పక్కన ర అయి నిలబడుతుంది. అలాగే ప్రింట్ అయిన ఫ్లెక్సీలు క్లాక్ టవర్ దగ్గర నా కళ్లతో చూశాను. దానికీ ఫాంట్‌కూ సంబంధం లేదు, కానీ తిట్లు ఫాంటే తింటోంది.

మా పెయింటర్ ఒక పని చేసేవాడు. బోర్డు సగం అయ్యాక నిచ్చెన దిగి రోడ్డు దాటి అవతల చాయ్ హోటల్ దగ్గర నిలబడి చూసేవాడు. నన్ను పిలిచి 'చదువు' అనేవాడు. నేను తడబడిన చోట మళ్లీ వెళ్లి లోపల తెలుపు పెంచేవాడు. ఒత్తుల జాగా ముందే సుద్దముక్కతో గీసుకునేవాడు, అక్షరాలు ఆ తర్వాత. ఆయన లావు అక్షరం చదవగలిగేలా ఉండటానికి కారణం అదీ. ఫాంట్‌లో ఆ పని ఎవరో ముంబైలో కూర్చుని చేసిపెట్టారు కాబట్టి మేం రోడ్డు దాటడం మానేశాం. ఇప్పుడు నేను పోస్టర్ అయ్యాక నా ఫోన్‌కు పంపుకుని, షాపు బయట ఎండలో బ్రైట్‌నెస్ తగ్గించి, చేయి చాచి చూస్తాను. పక్క జిరాక్స్ షాపులో పెద్దమ్మకు ఇచ్చి ఫోన్ నంబరు చదివిస్తాను. ఆమె ఫోన్ స్క్రీన్ పగిలి ఉంటుంది, అది ఇంకా మంచి పరీక్ష.

రెండో తప్పు చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది. బతుకమ్మ ముందు వారం, పనితో ఊపిరాడట్లేదు. ఒకాయన వాళ్ల నాన్న దశదిన కర్మ కార్డు కావాలని ఫొటో, మ్యాటర్ వాట్సాప్‌లో పంపాడు. మా షాపులో పనిచేసే పిల్లవాడు అప్పటికే తెరిచి ఉన్న ఫైల్‌లోనే చేసేశాడు. అది ఒక పాప మొదటి పుట్టినరోజు పోస్టర్. బెలూన్లు తీసేశాడు, దీపం పెట్టాడు, రంగు మార్చాడు, ఫొటో చుట్టూ దండ వేశాడు. ఫాంట్ మార్చలేదు. నేను చూడకుండానే వెళ్లిపోయింది. కొడుకు దుఃఖంలో ఉన్నాడు, సరిగ్గా చూడకుండా చుట్టాలందరికీ పంపేశాడు. మర్నాడు ఆయన షాపుకొచ్చి కోప్పడలేదు, స్టూల్ మీద కూర్చుని ఒక మాట చెప్పాడు. వాళ్లమ్మకు చదువు రాదు. ఎవరో ఫోన్లో కార్డు చూపిస్తే చాలాసేపు చూసి 'గివేం అక్షరాలు బిడ్డా, నవ్వుతున్నట్టు ఉన్నయ్' అన్నదట.

నేను ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఫాంట్ గురించి అంత సరైన మాట ఎవరి దగ్గరా వినలేదు. చదువు రాని మనిషికి అక్షరం ఏం చెప్తోందో తెలియదు, దాని ముఖం మాత్రం కనిపిస్తుంది. అక్కడికక్కడే మండలి ఫాంట్‌లో సన్నగా, కుదురుగా మళ్లీ చేసి ఇచ్చాను. డబ్బులు తీసుకోలేదు. మా పిల్లవాడిని తిట్టలేదు కూడా, ఫైల్ తెరిచి ఉంచింది నేనే.

పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా దీనికి అతీతులు కారు లెండి. 2012 జూలై 4న హిగ్స్ బోసాన్ అనే అతి చిన్న కణం దొరికిందని యూరప్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ప్రకటించినప్పుడు, ప్రపంచం అంతా చూస్తున్న ఆ స్లైడ్లలో కొన్ని కామిక్ సాన్స్ అనే ఫాంట్‌లో ఉన్నాయి. పిల్లల కార్టూన్ బుడగల్లో మాటలలాంటి ఆ అక్షరాన్ని చూసి జనం హిగ్స్ బోసాన్‌ను వదిలి ఫాంట్ మీద పడ్డారు. అంత పెద్ద వార్తకే అక్షరం అడ్డం వస్తే, మా కర్మ కార్డు ఎంత.

ఆ పెద్దాయన బంగారం షాపు గురించి రాశారు, నేను చీరల గురించి రాస్తాను. గద్వాల చీరల షాపు వాళ్లకు దసరా ఆఫర్ పోస్టర్ చేయాల్సి వచ్చింది. నూలు చీర, దానికి కలిపి నేసిన పట్టు అంచు, పట్టు కొంగు, 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన చీర అది. ఫొటోలో అంచు మీద జరీ గీతలు వెంట్రుకంత సన్నగా ఉన్నాయి. దాని పక్కన ఈ బొద్దు అక్షరం పెట్టగానే చీర బొమ్మల దుకాణంలో కొన్నట్టు అయిపోయింది. ఓనర్‌కు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను, సన్న అక్షరంతో ఒకటి, తమ్ముడితో ఒకటి. ఏది ఎక్కువ ధర చీర అని అడిగాను. ఒక్క క్షణం ఆలోచించకుండా సన్నదానివైపు వేలు పెట్టాడు, తర్వాత నా ముఖం చూసి నవ్వాడు. 'అయినా ఆఫర్ అన్న మాట మాత్రం లావుగా కొట్టు' అన్నాడు. కొట్టాను. ఆ ఒక్క మాటే కొట్టాను, ఆ పోస్టర్ నాకు ఇప్పటికీ ఇష్టం.

కాబట్టి ఆ పెద్దాయనకు నేను చెప్పేది ఇది. మీ కోపం సరైనదే, అది పడాల్సింది మాత్రం అక్షరం మీద కాదు, దాన్ని ఎక్కడ పెట్టాలో చూసుకోని నాబోటి వాళ్ల మీద. నా వరకు నేను షాపు గోడకు ఒక కాగితం అంటించుకున్నాను, బొద్దు అక్షరం పిలిచే మాటకే, మూడు నాలుగు మాటలకు మించొద్దు, తేదీ, టైమ్, అడ్రస్, ధర, ఫోన్ నంబరు మామూలు అక్షరంలోనే అని. కర్మ కార్డుకు, ఆస్పత్రి క్యాంపుకు, కనపడుట లేదు ప్రకటనకు దాన్ని అసలు ముట్టుకోవద్దని కింద ఎర్ర పెన్నుతో రాశాను. ఆ కాగితం నేను చేత్తో రాసిందే, నా చేతిరాత కూడా బొద్దుగానే ఉంటుంది, ఏం చేయను.

ఇది రాస్తుండగా ఫోన్ వచ్చింది. మిర్యాలగూడ దారిలో కొత్తగా పెట్టిన ఐస్‌క్రీమ్ పార్లర్. 'అన్నా పోస్టర్ సూపర్ ఉంది గానీ మొత్తం ఇంకింత బొద్దుగా చెయ్యవా' అన్నాడు. ఐస్‌క్రీమ్‌కు బొద్దు కాకపోతే ఇంక దేనికి, పేరు చేస్తానన్నాను. నంబరు చెయ్యనన్నాను. ఎందుకన్నాడు. దేవరకొండలో ఒక బత్తాయి రైతు ఉన్నాడు, ఆయనను అడుగు అన్నాను.

ఇట్లు,
ఒక డీటీపీ షాపు వాడు,
నల్గొండ